పునస్సమాగమ ఘట్టములు: గుర్తించు అధికారము ఎవరిది?

హైదరాబాదు నగరమునకు ఉత్తరపు అంచున, దుండిగల్ సమీపమున, బహదూర్‌పల్లి యను ఊరు కలదు. పేరులో సగము పారసీకము, సగము తెలుగు. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడువరకు ఇది రంగారెడ్డి జిల్లాకు చెందినది. ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ వారిదై, 2013 నాటి విలీనముతో టెక్ మహీంద్రా సంస్థకు సంక్రమించిన ప్రాంగణము ఇచటనే యున్నది. 2020లో మహీంద్రా విశ్వవిద్యాలయము ఇచటనే ఏర్పడినది. ఒక తరమువారి కన్నుల యెదుటనే ఇచట పొలము కాలనీ యైనది, బండిబాట రహదారి యైనది. ఇట్టి యూరికి దూరదేశమునుండి పదియేండ్ల పిమ్మట సెలవులకు వచ్చినవాడు తన యింటి దారిని తానే యడుగవలసి వచ్చును. అతనిని గుర్తించుటకు వాకిట నిలిచిన తల్లికి క్షణము పట్టదు. ఆ వాకిలిని గుర్తించుటకే అతనికి కాలము పట్టును.

చూచుటకు చిన్నదిగ దోచు ఈ విషయము సాహిత్య విమర్శకు సంబంధించిన ఒక ప్రశ్నను లేవదీయుచున్నది. విడిపోయినవారు తిరిగి కలిసికొనునపుడు గుర్తించువారెవరు? గుర్తింపబడువారెవరు? మన కావ్యములందు పునస్సమాగమ ఘట్టములు లెక్కకు మిక్కిలిగ నున్నను, వానిని కథను ముగించు లాంఛనముగ మాత్రమే పరిగణించి విడిచిపెట్టుట మనకు పరిపాటి యైనది. అట్లు విడుచుట తగదనియు, ఆ ఘట్టముల సారము కలయికయందు గాక, రాకకును గుర్తింపునకును నడుమ నున్న వ్యవధియందే కలదనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

లాక్షణికులు ఈ విషయమున మౌనము వహింపలేదు. నిర్వహణ సంధియందు అద్భుత రసముండవలెనని నాట్యశాస్త్ర సంప్రదాయము. ఊహింపని సమాగమము కలిగించు విస్మయమే ఆ విధికి మూలము. గ్రీకు విమర్శకుడగు అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రమున గుర్తింపును పలు విధములుగ విభజించి, మచ్చలు, నగలు మున్నగు బాహ్యచిహ్నములచే కలుగు గుర్తింపును తక్కువ తరగతిదిగను, కథాగతినుండి తనంత తాను పుట్టు గుర్తింపును ఉత్తమముగను ఎంచినాడు. ఈ రెండు మతములును గుర్తింపు ఎట్లు కలిగినదని విచారించినవి. ఎవరికి కలిగినది, ఎవరి యనుమతితో కలిగినది అను విచారణను మన కావ్యములనుండియే మనము చేసికొనవలసి యున్నది.

మొదట నలోపాఖ్యానమును చూతము. ఆంధ్ర మహాభారతమున నన్నయభట్టు భాగమగు అరణ్యపర్వమునందలి కథ యిది. ఇందు గుర్తింపు ఒక్కమారు గాక మెట్లుమెట్లుగ జరుగును. భర్త విడిచిపోయిన దమయంతి చేదిరాజు నగరమున ఒక పరిచారికవలె కాలము గడపును. ఆ రాజమాత తన తల్లికి తోబుట్టువే యని ఆమె యెఱుగదు. తన యింట నున్నది తన సోదరి కూతురని ఆ రాజమాతయు నెఱుగదు. నుదుటి పుట్టుమచ్చను ఒక బ్రాహ్మణుడు పోల్చుకొన్న పిదపగాని ఆ బంధుత్వము బయటపడదు. అయినవారి యింటనే పరాయిదానివలె నుండుట ఎంత దైన్యమో ఈ యొక్క సన్నివేశమే చెప్పగలదు.

నలుని విషయమున ఇట్టి చిహ్నమునకు తావులేదు. కర్కోటకుని కాటుచే రూపము మారి, అతడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలుకొని వచ్చినాడు. దమయంతి మొదట వినినది రథధ్వని. పిమ్మట కేశిని ద్వారా అతని పనులను పరీక్షించినది. అతడు వండిన వంటను తెప్పించి రుచిచూచినది. కడపట బిడ్డల నతని కడకు పంపగా, అతడు వారిని కౌగిలించి కన్నీరు విడిచినాడు. ధ్వని, క్రియ, రుచి, కన్నీరు అను ఈ వరుసను గమనింపవలెను. వెలుపలినుండి లోపలికి పోవు వరుస యిది. రూపము పూర్తిగ మారినను మారనిది చేతి వంట. ఒక యింటివారికి మాత్రమే తెలిసిన ఆ రుచి, ఎల్లరకు కనబడు పుట్టుమచ్చవంటిది కాదు. కలిసి బ్రతికినవారికే అది ప్రమాణము. కావుననే ఇట పరీక్షించు అధికారము దమయంతికి చెందినది.

దీనికి ఒక ఆక్షేపము రావచ్చును. నలుడును దమయంతిని పరీక్షింపలేదా? రెండవ స్వయంవరమను మాట విని అతడామెను నిష్ఠురములాడలేదా? ఆడినాడు, వాయుదేవుని సాక్ష్యముతోగాని అతని సందేహము తీరలేదు. కాని అతని సందేహము ఆమె నడవడిని గూర్చినది, ఆమె యెవరను విషయమును గూర్చినది కాదు. రాకకు కారణమైన ఉపాయము ఆమెది, పరీక్ష ఆమెది, పిలుపు ఆమెది. నిలిచియున్నవారు గుర్తించినపుడే వచ్చినవాడు నిజముగ వచ్చినట్లు.

ఇందుకు వ్యతిరేకమైన ఉదాహరణము ఆదిపర్వమందలి శకుంతలోపాఖ్యానము. కాళిదాసు నాటకమున దుష్యంతుడు శాపముచే మఱచినాడు. ఉంగరము కనబడగా జ్ఞప్తి కలిగినది. భారతకథలో శాపము లేదు, ఉంగరమును లేదు. శకుంతల కుమారునితో సభకు వచ్చినపుడు రాజు ఎఱిగియే ఎఱుగనన్నాడు. ఆకాశవాణి పలికిన పిమ్మట, లోకాపవాదమునకు వెఱచి అట్లంటినని యొప్పుకొన్నాడు. ఎఱుక వేరు, ఒప్పుకోలు వేరు అను సత్యమును ఈ కథ స్పష్టము చేయుచున్నది. గుర్తించు అధికారము ఇంటివానిదే యైనను, అధికారము గలవాడు దానిని దాచుకొనవచ్చును. భారతమున శకుంతల పలుకులకు అంత తీవ్రత వచ్చుటకు ఇదియే హేతువు. మఱచినవానికి జ్ఞాపకము చేయవచ్చును. ఎఱిగి యెఱుగనన్నవానితో వాదింపక తప్పదు.

పోతన భాగవతము దశమస్కంధమందలి కుచేలోపాఖ్యానము మఱియొక విధమైనది. సంస్కృత భాగవతమున ఈ బ్రాహ్మణునికి నామధేయము లేదు. చినిగిన బట్ట గలవాడను విశేషణమే మనకు పేరుగ స్థిరపడినది. ఇందు రెండు సమాగమములు కలవు. మొదటిది ద్వారకయందు మిత్రులది. కుచేలుని దూరమున చూచినంతనే కృష్ణుడు లేచి ఎదురేగి కౌగిలించినాడు. ఇచట రాకకును గుర్తింపునకును నడుమ వ్యవధియే లేదు. అందుచేత కవి దృష్టి గుర్తింపునుండి సంభాషణమునకు మఱలినది. ఆ సంభాషణమున దారిద్ర్య ప్రసక్తి లేదు. సాందీపని గురుకులమున చదివిన నాళ్లు, కట్టెలకై యడవికి పోయిన దినము, ఆనాటి గాలివాన, చీకటిలో దారి తప్పుట, వీనినే వారు తలచికొన్నారు. ఒక్కరుగ జ్ఞాపకము పెట్టుకొన్న దానిని ఇద్దరు కలిసి చెప్పుకొనుటయే వారి విందు. కుచేలుడు అడుగవచ్చినది అడుగకయే మఱలినాడు.

రెండవ సమాగమము కుచేలుని స్వగ్రామమున జరిగినది. విమర్శకులు దీనిని భగవదనుగ్రహ ఫలముగ మాత్రము వివరించి తృప్తిచెందుచుందురు. ఆ వివరణ సత్యమే, కాని చాలదు. మేడలు, ఉద్యానములు చూచి ఇది యెవరి నివాసమోయని అతడు విస్మయపడినాడు. తన గుడిసె యున్న చోటనే తాను పరాయివాడైనాడు. నలుని కథలో మనిషి మారినాడు, అతని కొఱకు వేచియున్న యిల్లు మారలేదు. కుచేలుని కథలో ఇల్లు మారినది, మనిషి మారలేదు. ఈ సందిగ్ధమును తీర్చినది మేడ కాదు, సంపద కాదు. ఎదురుగ వచ్చిన భార్య. ఇంటిని అతడు గుర్తింపలేకపోయినను, ఇంటిలోనిది అతనిని గుర్తించినది. బహదూర్‌పల్లి వంటి యూరికి తిరిగివచ్చువాని స్థితికి మన ప్రాచీన సాహిత్యమున ఇంతకంటె దగ్గఱి పోలిక నాకు కానరాదు. భేద మొక్కటి కలదు. కుచేలుని యూరు మారినది అతని మేలుకొఱకు. నేటి యూళ్లు మారుట అట్లు ఒకని మేలునకే జరుగునది కాదు.

ఇంతవరకు చూచినవి శిష్టకవుల రచనలు. రాకకును గుర్తింపునకును నడుమనున్న వ్యవధిని వీరందఱికంటె ధైర్యముతో పాడినవారు మన స్త్రీలు. 1955లో హైదరాబాదున ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రకటించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ వంటి సంపుటములు ఈ సంపదను పండితుల దృష్టికి తెచ్చినవి. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అను పాట వాల్మీకమున లేని కథను చెప్పును. లక్ష్మణుడు వనవాసమున నున్న పదునాలుగేండ్లును ఊర్మిళ నిద్రలోనే గడపినది. పట్టాభిషేకానంతరము సీత జ్ఞాపకము చేయగా, రాముడు తమ్ముని అంతఃపురమునకు పంపినాడు. లక్ష్మణుడు వచ్చి పలుకరింపగా ఆమె యులికిపడి, ఎవడో పరపురుషుడు వచ్చెనని తలచి భయముతో మందలించినది. తన తండ్రి విన్నచో, అక్కయు బావయు విన్నచో ఏమగునో చెప్పినది. పరసతులను కోరి చెడినవారిని జ్ఞాపకము చేసినది. జగమెఱిగిన వీరుడు తన శయ్యాగృహమున తానెవరో చెప్పుకొనవలసి వచ్చినది.

ఈ గుర్తింపకపోవుటను కేవలము నిద్రమత్తుగ భావించుట పొరపాటు. సెలవైనను సరిగ చెప్పక వెడలినవాడు తిరిగి వచ్చినంతనే భర్తగ చెల్లుబాటు కానక్కఱలేదని పాట కట్టిన స్త్రీల తీర్పు. ఆ తీర్పును ఊర్మిళచే కోపముగ చెప్పింపక, అజ్ఞానముగ చెప్పించుట వారి నేర్పు. హోమరు కావ్యమున ఇరువది యేండ్లకు తిరిగివచ్చిన ఒడిస్సియస్‌ను భార్యయగు పెనెలోపి, తమ యిద్దరికే తెలిసిన మంచపు రహస్యముతో పరీక్షించినది. అతనిని వేటకుక్క గుర్తించినది, దాది కాలిమచ్చనుబట్టి పోల్చినది. భార్య మాత్రము తొందరపడలేదు. ఇట్లు పెనెలోపియు ఊర్మిళయు ఒక్క తీరున నడచినారు. ఒకామె యెఱిగి పరీక్షించినది, ఇంకొకామె యెఱుగక మందలించినది. ఇరువురును వచ్చినవానిని గడపవద్ద నిలిపినారు.

‘కలవారి కోడలు’ పాట ఇదే విషయమును మఱియొక వైపునుండి చూపును. పుట్టింటికి పిలిచికొని పోవుటకు అన్న వచ్చినాడు. కోడలు అత్తను సెలవడిగినది. అత్త మామ నడుగుమన్నది. ఇట్లు ఒకరినుండి ఒకరికి మాట సాగి కడకు భర్తను చేరును. వచ్చుటకు మనసుండుట చాలదు, పంపువారుండవలెను. తెలంగాణమున బతుకమ్మ పండుగకు ఆడుబిడ్డలు పుట్టింటికి వచ్చు ఆచారము వెనుకను ఇట్టి సెలవు కథ ఎంతయో కలదు. నేడు ఆ సెలవు నిచ్చునది అత్తగారు కాక పోవచ్చును. కంపెనీ యజమాని కావచ్చును, వీసా కార్యాలయము కావచ్చును. పాటలోని కట్టడి మాత్రము చెక్కుచెదరలేదు.

ఆధునిక సాహిత్యమున ఈ ఘట్టమును హాస్యమునకు మఱల్చినవాడు గురజాడ. ‘కన్యాశుల్కము’ 1897లో తొలిరూపమునను, 1909లో మలిరూపమునను ప్రకటితమైనది. చదువుకొనుచున్న వెంకటేశము సెలవులకు గిరీశముతో కృష్ణరాయపురాగ్రహారమునకు వచ్చినాడు. తండ్రి ఖర్చు లెక్కించినాడు. తల్లి మాత్రము కుమారుడు ఇంగ్లీషు మాటలాడగా విని యానందింపవలెనని కోరినది. గిరీశమును శిష్యుడును అర్థము పొర్థము లేని ఇంగ్లీషు పలుకులతో ఆ కోరికను తీర్చినారు. ఇచట ఆ ఇంగ్లీషే దుష్యంతుని ఉంగరము. కాని నకిలీ యుంగరము. వచ్చినవాడు చూపిన గుర్తును పరీక్షించు సాధనము నిలిచియున్నవారికి లేకపోయినపుడు పునస్సమాగమము మోసమునకు తావగునని గురజాడ గ్రహించినాడు. ఆ తల్లి నవ్వింపదగినది కాదు; ఆమెకు చదువు నీయని సంఘమే నవ్వులపాలైనది.

ఈ యుదాహరణములనుండి తేలునది యేమి? పునస్సమాగమము ఒక వ్యక్తి రాక కాదు. అది రెండు ఎఱుకల ఎదురుకోలు. అందు మొదటి మాట నిలిచియున్నవారిది. ఈ న్యాయమును పాటించిన చోట మన కవులును, పాటకత్తెలును ఉత్తమ ఫలమును సాధించినారు. నేటి ప్రవాస రచనలలో స్వగ్రామ దర్శనమునకు ప్రముఖస్థానము కలదు. వానిలో కొన్నిటియందు ఊరు వచ్చినవాని కంటికి మాత్రమే కనబడును: అతని దుఃఖము, అతని జ్ఞాపకము, మాయమైన చెఱువును గూర్చి అతని నిట్టూర్పు. ఆ మార్పునడుమ దినదినము బ్రతికిన తల్లి, అన్న, బాల్యమిత్రుడు నేపథ్యమైపోవుదురు. అట్టి రచన యెంత కంటతడి పెట్టించినను సగము కథయే. కుచేలుని భార్య ఎదురురాని కుచేలోపాఖ్యానము వంటిది యది.

కావున పరిశోధక విద్యార్థులు ఇట్టి రచనలను పరిశీలించునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. వచ్చినవానిని గుర్తించినవారెవరు? ఏ గుర్తుతో గుర్తించినారు? గుర్తింపక నిరాకరించు హక్కు వారికి రచయిత యిచ్చినాడా? ఈ ప్రశ్నలను గ్రంథములకే పరిమితము చేయరాదు. బహదూర్‌పల్లి వంటి యూళ్లలో ఊయెల పాటలను, బతుకమ్మ పాటలను, రామాయణపు పాటలను ఎఱిగిన వృద్ధస్త్రీలు ఎచట నున్నను వెదకి, వారి కంఠములను, వారి వ్యాఖ్యలతో సహా పదిలపఱుపవలెను. ఊర్మిళ ఏల గుర్తింపలేదని పుస్తకము నడిగిన పాఠాంతరములు చెప్పును. పాడిన యామె నడిగిన కారణము చెప్పును. ఊరిని విడిచిపోయినవారి కథలు వ్రాయబడుచునే యున్నవి. ఊరిలో నిలిచి, వచ్చినవారిని వాకిటనుండి చూచినవారి కథను వ్రాసికొనుట మన పని.