మార్కుల మాటున గణితము

7 + 2 = □ + 6. ఖాళీ గడిలో నుంచవలసిన సంఖ్య 3. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఇయ్యదగిన ఈ లెక్కను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో శాఖలో, గణితమున వెనుకబడిన క్రొత్త విద్యార్థులకై ఏర్పరచిన తరగతిలో ఇచ్చి చూచిరి. నలుగురిలో ఒకరు తప్పిరి. 374518ను దగ్గరి వందకు సవరింపుమనగా సరిగా చెప్పినవారు నూటికి 39 మంది మాత్రమే. 13/16ను 2చే భాగింపగలిగినవారు మూడింట ఒక వంతు.

ఈ సంగతులను ఆ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, అధికారులు కలిసిన ఒక సంఘము 2025 నవంబరులో ప్రకటించిన నివేదికలో చూడవచ్చును. అచట క్రొత్త విద్యార్థి ఏ గణిత తరగతిలో కూర్చుండవలెనో నిర్ణయించుటకు ఒక పరీక్ష యుండును. అందులో ఉన్నత పాఠశాల స్థాయిని అందుకొనలేనివారి సంఖ్య 2020కిని 2025కిని నడుమ ఇంచుమించు ముప్పది రెట్లు పెరిగినది. ఇప్పుడు ఎనమండుగురిలో ఒకరు అట్టివారు. వీరికై 2016లో నెలకొల్పిన తరగతిని 2024లో మార్చి, ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల గణితమునే బోధింపవలసి వచ్చినది.

వీరు పాఠశాలలో తప్పినవారా యన్న, కాదు. ఆ తరగతిలోని విద్యార్థుల పాఠశాల గణిత శ్రేణుల సగటు 'ఎ మైనస్'. 2024లో నూటికి 25 మందికి పైగా గణితమున పూర్తి శ్రేణి పొందినవారే. నివేదికలోని ముప్పది రెట్ల పెరుగుదలకంటె ఈ విషయమే నాకు భయము గొలుపుచున్నది. తప్పిన విద్యార్థికి తనకు రాదని తెలియును. పూర్తి మార్కులు వచ్చినవానికి ఆ సంగతి చెప్పువా రెవరు?

నివేదిక చూపిన కారణములు కొన్ని: కోవిడ్ కాలమున బడులు మూతపడుట, 2020లో ప్రవేశమునకు శాట్ వంటి పరీక్షలను విడనాడుట, పాఠశాలలు మార్కులను ఉదారముగ ఇచ్చుట, వనరులు తక్కువైన పాఠశాలల నుండి ఎక్కువ మందిని చేర్చుకొనుట. వీనిని దాచక చెప్పినందుకు ఆ సంఘమును మెచ్చుకొనవలెను. తమ సంస్థ లోపమును తామే అచ్చువేయుట సులభమైన పని గాదు.

కాని చికిత్స విషయమున వారి దృష్టి యెక్కువగ ద్వారము మీదనే నిలచినది. విద్యార్థి పూర్వపు వివరములను బట్టి ఒక గణిత సూచిక గట్టి, ఎవరు వెనుకబడుదురో ముందే కనిపెట్టవలెననియు, ప్రవేశ పరీక్షల సంగతి మరల ఆలోచింపవలెననియు సూచించిరి. దీనివలన విశ్వవిద్యాలయపు భారము తగ్గును. 7 + 2 దగ్గర ఆగిన బాలుని అజ్ఞానము మాత్రము తగ్గదు. అతడు వేరొక ద్వారమునకు పోవును.

అసలు ఆ లెక్కలో తప్పు ఎచ్చట పుట్టునో చూడుడు. 1999లో వెలువడిన ఒక పరిశీలనలో 8 + 4 = □ + 5 అను లెక్కను అమెరికాలో ఆరవ తరగతి వరకు గల పిల్లల కిచ్చిరి. 7 అని సరిగా చెప్పినవారు ఏ తరగతిలోను నూటికి పదిమందిని మించలేదు. చాలమంది 12 అనిరి. కొందరు అన్నిటిని కూడి 17 అనిరి. కూడిక రాకగాదు. '=' అనగా 'ఇక జవాబు వ్రాయుము' అని వారి అభిప్రాయము; రెండువైపుల విలువలు సమానమని కాదు. ఈ అపోహతోనే బీజగణితమునకు వచ్చినవానికి సమీకరణమును సాధించుట మంత్రము వల్లించుట వంటిదగును. పదములను ఇటునుండి అటు మార్చి, గుర్తులు తిప్పి మార్కులు తెచ్చుకొనును. ఉపాధ్యాయులైన పాఠకులు రేపే తమ తరగతిలో, ఏ హెచ్చరికయు లేక, ఈ లెక్కను నల్లబల్లపై వ్రాసి చూడవచ్చును. ఒక్క నిమిషము పట్టును. పదునెనిమిదేండ్ల వయసున విశ్వవిద్యాలయము చేయు పరీక్షకంటె ఇది మేలు. సరిదిద్దుటకు ఇంకను ఏండ్లున్నవి.

మన దేశమున ఇట్టి సవరణ తరగతులు లేవనుకొనరాదు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నిబంధనల వెంట వచ్చిన బి.ఫార్మసీ పాఠ్యప్రణాళికలో, మొదటి సెమిస్టరున బై.పి.సి. నుండి వచ్చినవారికి రెమిడియల్ మేథమేటిక్స్, ఎం.పి.సి. నుండి వచ్చినవారికి రెమిడియల్ బయాలజీ విధించిరి. ఉద్దేశము సరియైనదే. దేహమున మందు తగ్గిపోవు రీతిని గ్రహించుటకు సంవర్గమానము లేక దారి లేదు. అయితే గణితమునకు కేటాయించినది 30 గంటలు; అందులో పాక్షిక భిన్నములు, సంవర్గమానములు, అవధులు, మాత్రికలు, కలనము, అవకలన సమీకరణములు, చివరకు లాప్లాస్ పరివర్తనము! పదవ తరగతి తరువాత రెండేండ్లు గణితము ముట్టనివాడు ఇంతటిని మ్రింగవలెను. అరుగుట మాట యెట్లున్నను.

అంతకంటె విచిత్రమైనది మరొకటి. ఇచ్చట తరగతిని నిర్ణయించునది పరీక్ష కాదు, ఇంటరులో తీసుకొన్న గ్రూపు పేరు. బై.పి.సి. వానికి గణితము రాదని ముందే అనుకొందురు, పదవ తరగతిలో అతడెంత గట్టివాడైనను. ఎం.పి.సి. వానికి సంవర్గమానము పట్టుబడినదా లేదా అని అడుగుట లేదు. వానికి మార్కులున్నవి గదా!