ఆది కాగితం

"నాయనా, అది కాస్త ఊగుతోందిరా" అంది అమ్మ ఓ ఉదయం, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ. ఏది ఊగుతోందో చెప్పడానికి ఆమెకు మొహమాటం. తెనాలి నుంచి మా దగ్గరికి, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కి వచ్చి అప్పటికి రెండు నెలలైంది. కింది బాత్‌రూమ్ ఆమె ఒక్కతే వాడుతుంది. వెళ్లి కమోడ్ మీద రెండు చేతులూ వేసి అటూ ఇటూ నొక్కి చూశాను. ఎడమవైపు ఓ పిసరు లేచి మళ్లీ కూర్చుంటోంది. మోకాళ్ల మీద వంగి చూస్తే, దాని అడుగు చుట్టూ పరిచిన వినైల్ షీటు అంచు నల్లబడి ఉంది. బొటనవేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోయింది.

మా ఇల్లు 1958లో కట్టింది. ఇక్కడి పాత ఇళ్లలో నేలంటే శ్లాబు కాదు. కింద వరసగా చెక్క దూలాలు, వాటి మీద ప్లైవుడ్, ఆ పైన ఓ పల్చటి వినైల్ పొర. మాకు ముందు ఆ పొరను ఎవరు పరిచారో తెలియదు కానీ, ఎలా పరిచారో నేలే చెప్పింది. కమోడ్‌ని కదపకుండా షీటును దాని చుట్టూ కోశారు. వెనక గోడ దాకా ఓ చీలిక పెట్టి, చీరకు కొంగు తిప్పినట్టు చుట్టూ తిప్పి తెచ్చారు. మిగిలిన సందులో సిలికాన్ నింపారు. కొన్నేళ్లపాటు చూడ్డానికి బాగానే ఉంటుంది. తర్వాత ఏదో ఒకచోట సిలికాన్ పట్టు వదులుతుంది, నీళ్లకు దారి దొరుకుతుంది.

నీళ్లెక్కడివంటే, మా ఇంట్లో నీళ్లుంటాయి. అమ్మ వచ్చినా అత్తగారు వచ్చినా మేం మొదట కొని పెట్టేది ప్లాస్టిక్ మగ్గు. కాగితంతో సరిపెట్టుకోమని డెబ్బై నాలుగేళ్ల మనిషికి ఎలా చెబుతాం? చెప్పకూడదు కూడా. తెనాలి ఇంట్లో బాత్‌రూమ్ నేల నీళ్ల కోసమే పుట్టింది. మేస్త్రి మూలనున్న తూము వైపు వాలు పెట్టి, బకెట్ నీళ్లు కుమ్మరించి, ఎక్కడా నిలవకుండా పోతున్నాయో లేదో చూసి మరీ డబ్బులు అడుగుతాడు. రోజూ నీళ్లు కొట్టి చీపురుతో తోసేస్తే అదే శుభ్రం. ఇక్కడి బాత్‌రూమ్ నేలకు వాలూ లేదు, తూమూ లేదు. టబ్బు దాటి చుక్క పడితే తుడుచుకోవాల్సిందే. ఒలికిన అర చెంబు నీళ్లు సందులోంచి ప్లైవుడ్‌లోకి దిగితే, మీద వినైల్ మూతలా ఉంటుంది కాబట్టి ఆరే ప్రసక్తే లేదు.

"నా మగ్గు వల్లేనట్రా ఇదంతా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. కాదమ్మా, ఆ సందు వల్ల అన్నాను. ఆమె మనసు కుదుటపరచడానికి అన్న మాట కాదు. కమోడ్‌ని లేపి, షీటును దాని కిందిదాకా పరిచి, మళ్లీ పైన కూర్చోబెట్టి ఉంటే కోసిన అంచు బయటే ఉండేది కాదు. మగ్గు నీళ్లు షీటు మీదే ఆగి, తుడిస్తే పోయేవి.

చుట్టూ కోసేవాళ్ల కష్టం నాకు తెలుసు. ఇంట్లో ఉన్నది ఒకటే టాయిలెట్ అయితే దాన్ని పీకడానికి ధైర్యం చాలదు. బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి. పీకాక మళ్లీ సరిగ్గా కూర్చుంటుందో లేదోనని భయం. నిజానికి కష్టమైన కోత ఆ చుట్టూ కోసేదే. పింగాణీ పాదం ముందు గుండ్రం, నడుమ సన్నం, వెనక మళ్లీ వెడల్పు. ఆ వంపును కత్తితో పట్టుకోవడం చేయి తిరిగిన వాళ్లకే అంతంతమాత్రం. లేపేస్తే ఆ వంపే ఉండదు. నేలలో ఓ గొట్టం, దాని చుట్టూ ఫ్లాంజ్ అనే గుండ్రటి పట్టీ మిగులుతాయి. దానికో రంధ్రం చేస్తే చాలు. అటూ ఇటూ ఓ అర అంగుళం తేడా వచ్చినా కమోడ్ పాదం కప్పేస్తుంది. రెండు గంటల పని తప్పించుకోబోయి జనం అంతకన్నా కష్టమైన పని నెత్తికెత్తుకుంటారు.

ఏప్రిల్‌లో ఓ శనివారం మొదలుపెట్టాను. వాల్వు కట్టేసి, ఫ్లష్ చేసి, ట్యాంకులో, గిన్నెలో మిగిలిన నీళ్లను స్పాంజితో పీల్చి తీశాను. బోల్టుల్లో ఒకటి మామూలుగా వచ్చింది, రెండోదాన్ని రంపంతో కోయాల్సి వచ్చింది. ట్యాంకు విప్పి, గిన్నెను మెల్లగా అటూ ఇటూ కదిపితే కింది మైనపు రింగు వదిలింది. గొట్టం నోట్లో పాత తువ్వాలు కుక్కాను. మురుగు వాయువు ఇంట్లోకి రాకూడదు. గుడ్డ మరీ చిన్నదైతే లోపలికి జారిపోతుంది, పెద్దదే పెట్టాలి.

పాత షీటు లేపేముందు ఒక జాగ్రత్త. 1980లకు ముందు పరిచిన వినైల్‌లో, దాని వెనక అట్టలో, కింది జిగురులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గీకితే, రుద్దితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కనుక ముందే ఓ ముక్కను తడిపి కోసి ల్యాబ్‌కి పంపాం. లేదని తేలాకే చెయ్యి వేశాం. వయసు తెలియని నేలను ఎవరూ తొందరపడి గీకకండి.

ఫ్లాంజ్ చుట్టూ స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోయాను. చెక్క గట్టిగా ఉన్నచోట మొన ఆగుతుంది, కుళ్లినచోట దిగబడుతుంది. ఎడమవైపు అడుగున్నర మేర దిగబడింది. గట్టి చెక్క తగిలేదాకా కోసి తీసి, దూలాల మీద ఆనేలా ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్క బిగించాను. గది మొత్తం మీద పావు అంగుళం ప్లైవుడ్ పరిచి, అతుకులూ స్క్రూ తలలూ లప్పంతో పూడ్చి నున్నగా రుద్దాను. వినైల్ ఏదీ దాచుకోదు. కింద ఇసుక రేణువున్నా నెల తిరిగేసరికి పైకి పొక్కులా కనిపిస్తుంది.

ఇక కొలత. మా బాత్‌రూమ్ 5 అడుగులు, 8 అడుగులు. 30 అంగుళాల టబ్బు పోగా నేల 5 అడుగులు, 5న్నర అడుగులు. టేపు పట్టుకుని నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. తలుపు దగ్గర వెడల్పు ఒకటి, టబ్బు దగ్గర ఇంకొకటి. ఒక మూల తొంభై డిగ్రీలు కాదు. టబ్బు అంచు కూడా తిన్నగా లేదు. అరవై ఏళ్లు దాటిన చెక్క ఇల్లు, ఎక్కడో ఓ చోట కుంగి ఉంటుంది. పేజీ నిండా అంకెలయ్యాయి. ఆ అంకెలన్నీ కలిపితే ఈ గది రాదని నాకే తెలుస్తోంది.

అమ్మ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. తెనాలిలో ముప్ఫై ఏళ్లు ఇంట్లోనే మిషను పెట్టుకుని వీధిలో వాళ్లకు జాకెట్లు కుట్టింది. ఎవరొచ్చినా ఆమె మొదట అడిగేది కొలతకు ఆది జాకెట్టు తెచ్చారా అనే.

"టేపు వేస్తే మనిషి ఊపిరి బిగపడుతుందిరా. ఆ కొలతకి కుడితే తొడుక్కున్నాక పట్టేస్తుంది. గోడలు కూడా అలాగే ఉన్నట్టున్నాయి. ఆది తీసుకో" అంది.

వినైల్ పరిచే పనివాళ్లు చేసేదీ అదే. దాన్ని ఇన్నాళ్లూ ఇంగ్లీషు పేరుతోనే తలుచుకుంటూ వచ్చాను. ఆది అన్న మాట విన్నాక మరో పేరు నోట రాలేదు. దుకాణంలో దొరికే మందపాటి గోధుమరంగు కాగితం చుట్ట తెచ్చి నేలంతా పరిచాను. గోడలకు తాకించకూడదు, చుట్టూ ఓ అంగుళం ఎడం వదలాలి. ముక్కలన్నీ టేపుతో అతికించాలి. కాగితం కదలకుండా అక్కడక్కడా చిన్న ముక్కోణపు కిటికీలు కోసి, వాటి మీదుగా నేలకు టేపు వెయ్యాలి.

"అన్ని వైపులా పొట్టిగా కోశావేమిరా? మేం కుట్టులోకి వదులుతాం, నువ్వు తగ్గించావు" అంది అమ్మ.

ఇందులో నాకు నచ్చే కిటుకు ఇదే. వడ్రంగి వాడే మూలమట్టంలో పొట్టి చెయ్యి వెడల్పు ఒకటిన్నర అంగుళం. దాని ఒక అంచు గోడకు ఆనించి, రెండో అంచు వెంట కాగితం మీద గీత గీసుకుంటూ గది చుట్టూ పోవాలి. గోడ వంగితే గీత వంగుతుంది. మూల తెరుచుకుంటే గీతా తెరుచుకుంటుంది. ఆ కాగితాన్ని షీటు మీద పరిచి, అదే మూలమట్టాన్ని గీతకు ఆనిస్తే, దాని అవతలి అంచు సరిగ్గా గోడ ఉన్నచోటికి వెళ్తుంది. ఎంత ఎడం వదిలామన్నది కాదు, ఎక్కడా మారకుండా ఒకే ఎడం వదిలామా అన్నదే లెక్క. ఒక్క అంకె కూడా రాయనక్కర్లేదు. అమ్మ స్టూలు ముందుకు జరుపుకుని, ఆ గీత తలుపు చట్రం చుట్టూ మెలికలు తిరగడం చివరిదాకా చూసింది.

షీటును ముందురోజే హాల్లో పరిచి ఉంచాం. కారులోంచి తెచ్చినప్పుడు అప్పడంలా బిర్రుగా ఉంది. చలికి గట్టిపడిన వినైల్‌ని వంచితే పగులుతుంది. ఒక పగలూ రాత్రీ ఇంటి వెచ్చదనంలో ఉంటే గుడ్డలా మెత్తబడుతుంది. వినైల్ అంటే పీవీసీయే, అది సహజంగా పెళుసు పదార్థం. దాన్ని సాగేలా చేసినాయన వాల్డో సీమన్, మాకు రెండు గంటల దూరంలో ఉన్న ఆక్రన్‌లో, గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో రసాయన శాస్త్రవేత్త. 1926లో రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతుంటే ఆ సాగే పదార్థం చేతికొచ్చింది. జిగురుగా అది పనికిరాలేదు. మా హాల్లో పరిచి ఉన్నది దాని వంశమే. 12 అడుగుల వెడల్పు చుట్టలోంచి కోయించాం కనుక గది మొత్తానికి ఒకటే ముక్క, మధ్యలో అతుకు లేదు.

షీటు వెనకవైపు తెల్లగా ఉంటుంది, పెన్సిల్ గీత బాగా కనిపిస్తుంది. అందుకని బోర్లా తిప్పి, ఆది కాగితాన్ని దాని మీద వేసి, మూలమట్టం ఆనించాను. కత్తి చేతిలోకి తీసుకున్నాను.

"ఆగరా. టబ్బు ఎటుంది?"

చేయి ఆపి చూశాను. కాగితం గదిలో ఏ ముఖం పైకి ఉందో అదే ముఖంతో షీటు వెనక పరిచాను. అలాగే కోసి తిప్పితే టబ్బు వైపు తలుపు వైపుకి, తలుపు వైపు టబ్బు వైపుకి వచ్చేవి. అద్దంలో గదికి సరిపోయే నేల తయారయ్యేది. అమ్మ తన మొదటి ఏడాదిలో ఇలాగే ఒక జాకెట్టుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించిందట. అప్పట్నుంచీ గుడ్డ మీద కాగితం పెట్టేముందు ఏ వైపు ఏదో నోటితో పైకి చెప్పుకోనిదే కత్తెర పట్టలేదంది. షీటును వెల్లకిలా తిప్పించి, కాగితం మీద ఓ మూల "పై" అని, ఇంకో మూల "టబ్బు" అని, పక్కనే "1½ అంగుళం" అని నాతో రాయించింది. తర్వాతే కోయనిచ్చింది.

కొక్కెం బ్లేడుతో కోశాను. గోడల వైపు వెంట్రుకంత తగ్గినా స్కర్టింగ్ కప్పుతుంది. కప్పే దిక్కు లేనిది టబ్బు అంచుకే. అక్కడ ఊపిరి బిగబట్టి కోశాను. సగం షీటు మడిచి నేలకు జిగురు పూసి దింపి, రెండో సగం అలాగే చేసి, నడుమ నుంచి అంచుల వైపు చపాతీ కర్రతో ఒత్తుకుంటూ వచ్చాం. కర్ర అమ్మే పట్టింది, మోకాళ్ల కింద దిండు వేసుకుని.

చివరి పని కమోడ్‌ని మళ్లీ కూర్చోబెట్టడం. కొత్త పొరలతో నేల ఎత్తు పెరిగింది కనుక ఫ్లాంజ్ లోతుకి పోయింది. దాని మీద ఎత్తు పెంచే రింగు బిగించాకే కొత్త మైనపు రింగు పెట్టాను. గిన్నెను బోల్టుల మీదకు నిటారుగా దింపి, శరీరం బరువంతా వేసి ఒకే ఒక్కసారి నొక్కాలి. సరిగ్గా పడలేదని లేపితే ఆ మైనం ఇక పనికిరాదు, మరొకటి కొనాలి. బోల్టులు కాసేపు ఇటు, కాసేపు అటు, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేవైపు బలం పెడితే పింగాణీ చిట్లుతుంది. ముందూ పక్కలా సిలికాన్ గీశాను. వెనక రెండంగుళాలు మాత్రం వదిలేశాను. రేపు మైనం కారితే ఆ నీళ్లు అక్కణ్ణుంచి బయటికి వచ్చి కనపడాలి. చుట్టూ మూసేస్తే మళ్లీ లోపల్లోపలే కుళ్లుతుంది.

అడుగు చుట్టూ టిష్యూ కాగితం పరిచి అయిదారుసార్లు ఫ్లష్ చేశాం. కాగితం పొడిగానే ఉంది. ట్యాంకు పక్కన చేతి స్ప్రే కూడా బిగించాను. అమ్మ దాన్ని ఓసారి నొక్కి చూసి, మగ్గును మాత్రం దాని చోటే ఉంచింది. ఉండనీ అన్నాను. పడ్డ నీళ్లు తుడవడానికి తలుపు వెనక ఓ గుడ్డ వేలాడదీశాం.

సాయంత్రం ఆ గోధుమరంగు కాగితాన్ని చెత్తబుట్టలో పడేయబోతే చేతిలోంచి లాక్కుంది. మడతలు సరిచేసి, తువ్వాళ్ల అలమరలో అట్టడుగున పెట్టింది. కుట్టిన జాకెట్టుతో పాటు ఆది జాకెట్టు కూడా తిరిగి ఇవ్వాలి కదా అంది.