మా అక్క కట్టిన ఫైలు

ఫైలు అట్ట తీయగానే మొదట కనిపించేది ఎనిమిదేళ్ల నాటి రక్తపరీక్ష రిపోర్టు. హెచ్‌పీఎల్‌సీ అంటారు దాన్ని. అసలు కాగితం ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది, దాని వెనకే రెండు జిరాక్సు కాపీలు. "ఇది మావాడి ఆది జాకెట్టురా తమ్ముడూ" అంది అక్క.

అక్కంటే మా పిన్ని కూతురు. జాకెట్లు కుడుతుంది. టేపుతో ఎన్ని కొలతలు తీసుకున్నా, ఒంటికి సరిగ్గా కూర్చున్న పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే తప్ప కత్తెర పట్టుకోదు. వాళ్లబ్బాయికి తలసీమియా మేజర్. ఎనిమిదో నెలలో బయటపడింది. వాడి ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవదు. మూడు వారాలకోసారి ఎవరో దాత ఇచ్చిన రక్తం ఎక్కితేనే లేచి తిరుగుతాడు. ఆ మొదటి రిపోర్టు విలువంతా దాని మీదున్న తేదీలోనే ఉంది. రక్తం ఎక్కించాక పరీక్ష చేస్తే దాతల హిమోగ్లోబిన్ కూడా కలిసిపోయి కనిపిస్తుంది, పిల్లాడి అసలు లెక్క మసకబారుతుంది. అందుకే రక్తం ఎక్కకముందు తీసిన ఆ కాగితం పోతే మళ్లీ తెచ్చుకోవడం కష్టం. వార్డులో పరిచయమైన తల్లుల్లో కొందరు ఇళ్లు మారేటప్పుడు పోగొట్టుకున్నారు. అక్క మాత్రం మడత కూడా పడనివ్వలేదు.

మొదటిసారి వైకల్య సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు అక్కావాళ్లతో నేనూ ఉన్నాను. మా వైపు దాన్ని సదరం అంటారు. స్లాట్ దొరికింది, తెల్లవారుజామున బస్సెక్కాం, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. లోపల మా వంతు రెండు నిమిషాల్లో అయిపోయింది. అంతకు రెండు రోజుల ముందే వాడికి రక్తం ఎక్కించారు. బుగ్గల్లో ఎరుపు తిరిగింది, గదంతా చుట్టబెడుతున్నాడు. "బాబు బాగానే ఉన్నాడుగా అమ్మా" అన్నారు అక్కడున్నాయన. అక్క చేతిలో ఉన్నవి నాలుగు చీటీలు, వాటి మీద రక్తహీనత అని మాత్రమే రాసి ఉంది. తిప్పి పంపేశారు.

ఇంటికొచ్చాక చుట్టాల్లో ఒకరు సలహా చెప్పారు. ఈసారి రక్తం ఎక్కించకుండా, పాలిపోయిన మొహంతోనే తీసుకెళ్లండి, చూడగానే రాసిచ్చేస్తారు అని. "సర్టిఫికెట్ కోసం పిల్లాణ్ణి మాడ్చి చూపించనా?" అంది అక్క. గొంతు వణికింది. ఆ రాత్రే పాత సంచులన్నీ నేలమీద కుమ్మరించి కాగితాలు ఏరడం మొదలుపెట్టింది. వాడు ఏ రోజున వెళ్లినా, ఎంత కళకళలాడుతూ వెళ్లినా, వాడి జబ్బు కాగితం మీద కనిపించి తీరాలి. ఆమె పెట్టుకున్న పని అది.

ఆ పని ఎంత బాగా చేసిందో తెలియాలంటే చట్టం ఏమడుగుతుందో కొంచెం చెప్పుకోవాలి. 1995 నాటి చట్టం గుర్తించిన వైకల్యాలు 7 రకాలే. రక్తవ్యాధులకు అందులో చోటు లేదు. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21 చేసింది. హిమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ మూడూ జాబితాకెక్కాయి. మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ లాంటి దీర్ఘకాలిక నరాల జబ్బులూ చేరాయి. అయితే జబ్బు పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన చాలదు. రిజర్వేషన్ల వంటి వాటికి వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు. వైకల్యం అంటే ఏమిటో చెప్పేచోట మాత్రం ఆ చట్టాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఒంట్లోని లోపం దగ్గరే అది ఆగిపోలేదు. ఆ లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి, మనిషిని నలుగురితో సమానంగా మసలనివ్వకుండా చేస్తోందా అని కూడా చూడమంది. ఆ చట్టం పుస్తకం అక్క ఎన్నడూ చూడలేదు. కానీ ఆమె తయారు చేసుకున్న రిజిస్టరులో సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు ఉంది.

కస్టమర్ల కొలతలు రాసుకునే పొడుగు నోటుబుక్కుల్లో ఒకటి తీసి, చెక్క స్కేలుతో ఎనిమిది గడులు గీసింది. తేదీ, బరువు, ఎక్కించే ముందు హిమోగ్లోబిన్, ఎక్కించిన రక్తం, బ్యాగు నంబరు, చీటీ నంబరు, బడి మానిన రోజులు, చివర "ఇంట్లో". ఒక వరుస చూడండి. బరువు 21 కిలోలు. హిమోగ్లోబిన్ 8.4. ఎక్కించింది 310 మిల్లీలీటర్లు. బడి మానింది 3 రోజులు. "ఇంట్లో" గడిలో నీలం సిరాతో: "మేడమెట్లు నాలుగెక్కి కూలబడ్డాడు. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని నిద్రపోయాడు." కింది వరుస వారం తర్వాతది, ఆకుపచ్చ సిరా: "సైకిల్ తొక్కాడు. పక్కింటి వాళ్లబ్బాయితో గొడవ."

బాగున్న రోజులకు ఆకుపచ్చ పెన్ను. అవి చూసి నేను కంగారుపడ్డాను. "ఇవెందుకక్కా, చూసి మళ్లీ బాగున్నాడంటారు."

"బాగున్న రోజు బాగున్నాడనే రాయాలిగా. లేకపోతే తక్కినవి మాత్రం ఎందుకు నమ్ముతారు?"

పేజీ మొత్తం ఒక్కసారి చూస్తే ఆమె ఎంత సరిగ్గా ఆలోచించిందో అర్థమైంది. పైన ఆకుపచ్చ, తర్వాత నీలం, రక్తం ఎక్కించగానే మళ్లీ ఆకుపచ్చ. మూడు వారాలకోసారి అదే వరస, రెండేళ్ల పొడుగునా. మొదటిసారి గదిలో కనిపించింది ఆకుపచ్చ రోజుల్లో ఒకటి. ఆ రోజును ఆమె దాచలేదు, దానికి ముందూ వెనకా ఉన్న రోజుల మధ్య పెట్టి చూపించింది.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది బడి గడి. ఏడాది చివర కూడిక వేసింది: రక్తం 17 సార్లు, బడి మానింది 41 రోజులు. వెనకే హాజరుపట్టీ జిరాక్సు, హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర. హిమోగ్లోబిన్ ఎంతో ల్యాబు చెబుతుంది. అది పడిపోయినప్పుడల్లా పిల్లాడికి ఏం పోతోందో ల్యాబుకి తెలియదు. తరగతిలో భిన్నాలు చెప్పిన వారం, స్కూలు డే రిహార్సల్సు, స్నేహితుడి పక్కన సీటు, అవన్నీ ఆ 41లోనే ఉన్నాయి.

కట్టిన తీరు కూడా చూడదగ్గది. ఎక్కడా స్టేప్లర్ పిన్ను లేదు. పిన్నులు తుప్పుపడతాయి, జిరాక్సుకి లాగినప్పుడల్లా కాగితం చినుగుతుంది. ప్రతి కాగితానికీ ఎడమవైపు ఒకే ఎత్తున రెండు చిల్లులు, వాటిలోంచి ఆఫీసుల్లో వాడే ట్యాగు. కావలసిన కాగితం క్షణంలో బయటికొస్తుంది, క్షణంలో లోపలికెళ్తుంది. కుడివైపు పైమూలన ఎర్ర అంకె. రిజిస్టరులో చీటీ నంబరు 63 అని ఉంటే, ఫైల్లో 63 తిప్పితే ఆ రోజు ఆసుపత్రి చీటీ ఉంటుంది. రక్తం ఎక్కించిన వరుసల్లో చీటీ ఆధారం లేనిది ఒక్కటీ లేదు. ఫెరిటిన్ రిపోర్టులది వేరే కట్ట. మాటిమాటికీ రక్తం ఎక్కితే ఒంట్లో ఇనుము పేరుకుని గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది, దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు వేయాలి. ఆ మందుల చీటీలూ అందులోనే.

మొదటి రిపోర్టు, దాని కాపీల తర్వాత డాక్టరుగారి ఉత్తరం. మూడే వాక్యాలు. రక్తహీనత అన్న మాట లేదు. జబ్బు పూర్తి పేరు, ఎప్పుడు తేలిందో, జీవితాంతం క్రమం తప్పకుండా రక్తం ఎక్కించాలన్న సంగతి. ఆ మాటలు అలాగే ఉండాలని అక్క మూడుసార్లు తిరిగి రాయించుకుంది. ఆయన విసుక్కోకుండా రాసిచ్చారు.

రెండోసారి వెళ్లినప్పుడు కూడా వాడు ఆకుపచ్చ రోజులోనే ఉన్నాడు. ఈసారి మెడికల్ బోర్డులో ఉన్న డాక్టరమ్మ రిజిస్టరు అందుకుని, మొదట హిమోగ్లోబిన్ గడి మీదుగా వేలు పోనిచ్చి, ఆఖరి గడి దగ్గర ఆగి చదవడం మొదలుపెట్టారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. తర్వాత ఎర్ర అంకెలు చూసి రెండు చీటీలు తీయమన్నారు. అక్క చెయ్యి తడబడలేదు.

సర్టిఫికెట్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో తలసీమియా ఉన్నవాళ్లకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది, దానికీ ఈ ఫైలే పనికొచ్చింది. రేపు కాలేజీకొచ్చినప్పుడు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు ఉండే 5 శాతం సీట్లలో వాడూ పోటీ పడొచ్చు. ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇదే చట్టం చెయ్యి వెనక్కి తీసుకుంది. 34వ సెక్షన్లోని 4 శాతం రిజర్వేషన్ పొందేవాళ్ల వరసలో రక్తవ్యాధులు లేవు. చదువుకి ఒప్పుకున్న వైకల్యాన్ని కొలువుకి ఒప్పుకోకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అక్కకీ సంగతి చెప్పాను. "వాడింకా నాలుగో తరగతేగా. అప్పటికి మారుస్తారేమో" అంది. ఫైల్లో చివర ఖాళీ ట్యాగు ఒకటి పెట్టి ఉంచింది.

మొన్న వాడికి రక్తం ఎక్కుతుంటే వార్డుకెళ్లాను. వాడు పడుకుని బొమ్మల పుస్తకం చూస్తున్నాడు. అక్క మంచం కోడు పక్కన నేలమీద కూర్చుని, పక్క మంచం పాప వాళ్లమ్మ కోసం కొత్త నోటుబుక్కులో గడులు గీస్తోంది. ఏడు గీతలు గీశాక స్కేలు ఆమె చేతికిచ్చింది. "ఈ చివరిది నువ్వే పేరు రాసుకోమ్మా" అంది. ఆవిడ కాసేపు ఆలోచించి "పాప" అని రాసింది.