శ్రీహరికోట పోత పని

2023 జులై 14, మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 నేల విడిచింది. దాన్ని మోసిన ఎల్‌వీఎం-3 రాకెట్టు నడుమ పెద్ద ద్రవ ఇంధన దశ ఒకటి ఉంది. అప్పటికి అది ఇంకా వెలగలేదు. సుమారు 640 టన్నుల బరువును లేపి, తొలి నిమిషంన్నరకు పైగా వేరే సాయం లేకుండా మోసినవి ఇరుపక్కలా నిలిచిన రెండు ఎస్-200 ఘన ఇంధన మోటార్లు. ఒక్కోదాని పొట్టలో 200 టన్నులకు పైగా ఇంధనం ఉంటుంది. ఆ ఇంధనాన్ని కలిపిందీ, పోత పోసిందీ, గట్టిపరిచిందీ శ్రీహరికోటలోనే. అంటే చంద్రుడి వైపు ఆ ప్రయాణపు తొలి అడుగు, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న ఆ దీవిలో జరిగిన పోత పని మీద ఆధారపడింది.

రాయచూరు జిల్లా మాన్వి, సింధనూరు తాలూకాల్లోని మన క్యాంపుల్లో, తుంగభద్ర ఎడమ కాలువ కింద సాగు కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు రైతుల ఊళ్లలో, బడి పిల్లలను చంద్రయాన్ గురించి అడిగితే విక్రమ్ ల్యాండరు గురించి, ప్రజ్ఞాన్ రోవరు గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతారు. వాటిని మెచ్చుకోవడం న్యాయమే. కానీ వాటిని నేల మీద నుంచి లేపిన పనితనం గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ పరిచయం.

ద్రవ ఇంధన ఇంజినుకు ఒక వెసులుబాటు ఉంది. దాన్ని పరీక్షా వేదిక మీద వెలిగించి చూడొచ్చు, ఆపొచ్చు, లోపముంటే సరిదిద్ది రాకెట్టుకు బిగించవచ్చు. ఘన ఇంధన మోటారుకు ఆ వీలు లేదు. వెలిగించాక చివరి వరకూ మండాల్సిందే, మధ్యలో ఆపే మార్గం లేదు. ఎగరబోయే మోటారును ముందే వెలిగించి చూడటమూ కుదరదు, ఎందుకంటే వెలిగిస్తే అది అక్కడితో అయిపోయినట్టే. దానికి తోబుట్టువులైన మోటార్లను కాల్చి చూస్తారు, కొలతలు తీసుకుంటారు. అసలు మోటారు మాత్రం జీవితంలో ఒక్కసారే వెలుగుతుంది. అందువల్ల దాని మంచిచెడ్డలన్నీ తయారైన రోజునే తేలిపోతాయి. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే శ్రీహరికోటలో ఇంధనం పోసే ప్లాంటులో ప్రతి నియమానికీ అర్థం తెలుస్తుంది.

మనిషిని అంతరిక్షానికి పంపిన తొలి తరం నిర్మాతలు పెద్ద ఘన మోటార్లకు దూరంగా ఉండటానికి ఇదొక కారణం. 1961 ఏప్రిల్ 12న గగారిన్‌ను మోసింది ద్రవ ఇంధన రాకెట్టు. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్‌ను కక్ష్యలోకి చేర్చిన అట్లాస్ కూడా అంతే. 1969 జులై 16న అపోలో-11ను చంద్రుడి దారి పట్టించిన శాటర్న్-5 మూడు దశలూ ద్రవ ఇంధనంతోనే నడిచాయి. అయినా ప్రాణం కంటిరెప్పపాటు మీద ఆధారపడే చోట అందరూ నమ్మింది చిన్న ఘన మోటార్లనే. గ్లెన్ నౌకను కక్ష్య నుంచి కిందికి మళ్లించినవి మూడు ఘన మోటార్లు. అపోలో నౌక కొసన నిలబెట్టిన ప్రాణరక్షణ గోపురంలో ఉన్నదీ ఘన ఇంధనమే. పంపులు తిరగాలి, కవాటాలు తెరుచుకోవాలి అన్న షరతులేవీ దానికి ఉండవు. నిప్పు తగిలితే చాలు, క్షణంలో పూర్తి బలంతో లాగుతుంది.

దాని విలువ మన వ్యోమగామి రాకేశ్ శర్మ సహచరుడికి బాగా తెలుసు. శర్మ పాటియాలాలో పుట్టినా పెరిగింది, చదివింది హైదరాబాదులో, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లోనూ నిజాం కాలేజీలోనూ. 1984 ఏప్రిల్ 3న ఆయనతో పాటు సోయుజ్ టీ-11 నౌకలో వెళ్లినవారు యూరీ మాలిషేవ్, గెన్నాదీ స్ట్రెకలోవ్. అంతకు ఆరు నెలల ముందు, 1983 సెప్టెంబరు 26న, అదే స్ట్రెకలోవ్, వ్లదీమిర్ తితోవ్‌తో కలిసి బైకనూరులో మరో సోయుజ్‌లో కూర్చుని ఉన్నాడు. బయలుదేరడానికి కాసేపటి ముందు రాకెట్టు అడుగున మంటలు లేచాయి, తీగలు కాలిపోయాయి. నేల మీది అధికారులు రేడియో ద్వారా ఆజ్ఞ పంపగానే కొసనున్న ఘన మోటార్లు వెలిగి నౌకను పైకి లాగేశాయి. కొద్ది సెకన్లలోనే కింద రాకెట్టు పేలిపోయింది. ఆ ఇద్దరూ కొన్ని కిలోమీటర్ల దూరంలో పారాషూటు మీద దిగారు. ఆ మోటార్లను పోత పోసిన రోజున చేతికి ఏమాత్రం అలసత్వం వచ్చినా, ఆరు నెలల తర్వాత శర్మ పక్కన స్ట్రెకలోవ్ కూర్చునేవాడు కాదు.

శ్రీహరికోటలో ఈ విద్య మెట్టుమెట్టుగా పెరిగింది. అక్కడి నుంచి తొలి చిన్న రాకెట్టు, ఒక రోహిణి-125, ఎగిరింది 1971 అక్టోబరు 9న. పెద్ద ఘన మోటార్లకు ఇంధనం పోసే ప్లాంటు 1977లో నడక మొదలుపెట్టింది. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్‌వీ-3కి నాలుగు దశలూ ఘనమే, మొదటి దశలో దాదాపు 9 టన్నుల ఇంధనం. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1ను మోసిన పీఎస్ఎల్‌వీ మొదటి దశలో అది 138 టన్నులకు చేరింది, చుట్టూ తలా 12 టన్నులు పట్టే ఆరు మోటార్లు అదనం. ఎస్-200తో అది 200 దాటింది. 9 నుంచి 200కు రావడమంటే పాత్రను పెద్దది చేయడం కాదు. ముద్ద పెరిగేకొద్దీ లోపలి వేడి, బరువు, బుడగలు, పగుళ్లు అన్నీ కొత్త కొత్త చిక్కులై ఎదురవుతాయి. ఒక్కో మెట్టు మీదా వాటిని విప్పుకుంటూ పోవాల్సి వచ్చింది.

ఇక పని దగ్గరికి వద్దాం. ముందు మోటారు కేసు. ఎస్-200 కేసు వ్యాసం 3.2 మీటర్లు, ఉక్కు గోడ మందం సెంటీమీటరు లోపే. ఆ పలచని గోడ లోపలి మంట ఒత్తిడిని రెండు నిమిషాలకు పైగా తట్టుకోవాలి. ఇందుకు వాడేది మారేజింగ్ స్టీలు. ఇస్రో పెద్ద మోటార్లకు ఈ ఉక్కును కాచి ఇచ్చే సంస్థ హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని మిధాని, 1973లో ఏర్పడింది. మామూలు ఉక్కుకు గట్టిదనం కార్బన్ వల్ల వస్తుంది. ఇందులో కార్బన్ లేనట్టే. దాదాపు 18 శాతం నికెల్, దానికి తోడు కోబాల్టు, మాలిబ్డినం, కొద్దిగా టైటానియం ఉంటాయి. లోహం మెత్తగా ఉండగానే వంచి, వెల్డింగు చేసి, ఆకారం కుదిరాక 480 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి కాస్తారు. ఆ వేడికి లోపల అతి సూక్ష్మమైన కణాలు ఏర్పడి లోహం బిగుస్తుంది, కొలతలు మాత్రం దాదాపు చెదరవు. ముందు ఆకారం, తర్వాత బలం. లోహ శాస్త్రంలో ఇంత అందమైన వరుస మరొకటి నాకు తెలియదు.

కేసు లోపలి గోడకు రబ్బరు అస్తరు వేస్తారు. మంట చివరికి గోడను చేరే వేళకు ఉక్కును కాపాడేది అదే. అస్తరు మీద అంటుపూత పూస్తారు. ఇంధనం ఈ పూతకు ఎక్కడా విడిపోకుండా అతుక్కోవాలి. వెంట్రుకవాసి ఎడం ఉన్నా మంట అందులోకి దూరి గోడను ముందే చేరుతుంది. అందుకే ఇంధనం ఎంత మంచిదో అది అంటుకున్న తీరూ అంతే మంచిదై ఉండాలి.

ఇంధనంలో ముఖ్యమైనవి మూడు. బరువులో సుమారు మూడింట రెండు వంతులు అమ్మోనియం పెర్‌క్లోరేట్, మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇచ్చేది. తర్వాత అల్యూమినియం పొడి. ఈ రెంటినీ పట్టి ఉంచేది హెచ్‌టీపీబీ అనే జిగట ద్రవం, అదే రబ్బరుగా మారుతుంది, మండుతుంది కూడా. పెర్‌క్లోరేట్‌ను ముతకగానూ మెత్తగానూ రెండు రకాలుగా పొడి చేస్తారు. ముతక రేణువుల సందుల్లో మెత్తనివి కూరుకుని, తక్కువ జిగటతో ఎక్కువ పొడి పడుతుంది. మంట ఎంత వేగంగా సాగాలో కూడా ఈ రేణువుల పాలే చాలావరకు నిర్ణయిస్తుంది. పెర్‌క్లోరేట్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సముద్రం ఒడ్డున, సరస్సు పక్కన, ఉప్పుగాలిలో పొడిగా ఉండాల్సిన పని! గదుల్లో తేమను రాత్రింబవళ్లు అదుపులో ఉంచడమే ఒక పెద్ద విద్య.

కలిపే చోట మనిషి ఉండడు. పెద్ద నిలువు మిక్సర్లలో బ్లేడ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే, దూరంగా మరో భవనంలో కూర్చుని తెర మీద చూస్తూ నడుపుతారు. ఒక షెడ్డుకూ మరో షెడ్డుకూ చాలా ఎడం, నడుమ మట్టి కట్టలు. లోపలికి వెళ్లే ముందు ఒంటి మీది విద్యుత్తు నేలలోకి పోయేలా లోహపు పలకను తాకాలి. కట్టుకునేది నూలు బట్టలే, సింథటిక్ బట్ట రాపిడికి నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. పత్తి పండించే రాయచూరు జిల్లావాణ్ని కనుక ఈ నియమం చదివినప్పుడు నాకు ప్రత్యేకమైన సంతోషం కలిగింది.

కలిసిన ముద్ద చిక్కగా, బూడిదరంగులో ఉంటుంది. గాలి తీసేసిన చోట దాన్ని కేసులోకి దించుతారు, బుడగ మిగలకూడదు కాబట్టి. బుడగ ఉన్నచోట మండే ఉపరితలం ఉన్నట్టుండి పెరుగుతుంది, ఒత్తిడీ పెరుగుతుంది. కేసు నడుమ ముందే ఒక లోహపు అచ్చును నిలబెడతారు. ఇంధనం దాని చుట్టూ నిండుతుంది. తర్వాత రోజుల తరబడి వెచ్చగా ఉంచితే ముద్ద గట్టిపడి, పెన్సిలు రాత చెరిపే రబ్బరులా తయారవుతుంది. అప్పుడు అచ్చును బయటికి లాగుతారు. ఎస్-200ను మూడు ఖండాలుగా పోస్తారు; వంద టన్నులకు దగ్గరగా ఉన్న మధ్య ఖండం నుంచి, లోపలి గోడకు గీత పడకుండా దాన్ని తీయడం చేతి నేర్పుకు గట్టి పరీక్ష.

ఆ అచ్చు ఆకారంలోనే రాకెట్టు నడక రాసి ఉంటుంది. ఇంధనం లోపలి ఉపరితలం నుంచి గోడ వైపు సెకనుకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున మండుతుంది. ఉపరితలం ఎంత ఉంటే బలం అంత. ఎస్-200 తల ఖండంలో రంధ్రం నక్షత్రాకారంలో ఉంటుంది, మిగిలిన రెంటిలో గుండ్రం. నక్షత్రం కోణాల వల్ల మొదట్లో ఎక్కువ ఉపరితలం దొరికి, బరువైన రాకెట్టు చురుగ్గా లేస్తుంది. కోణాలు కరిగేకొద్దీ బలం తగ్గుతుంది, దట్టమైన గాలిలో వేగం మితిమీరకుండా అదే చూసుకుంటుంది. మీట లేదు, కవాటం లేదు. రెండు నిమిషాల ప్రయాణంలో ఏ సెకనుకు ఎంత బలం కావాలో ముందే లెక్కగట్టి, ఒక రంధ్రం ఆకారంగా మలిచి పెట్టారు. ఈ పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకునేది దీన్నే.

పోత అయ్యాక శక్తిమంతమైన ఎక్స్‌రేలతో ఖండాన్ని గాలిస్తారు. పగులు, బుడగ, అంటు విడిన చోటు ఏదైనా ఉంటే అక్కడే పట్టుబడాలి. కలిపిన ఇంధనం నుంచే చిన్న మోటార్లు పోసి, వాటిని కాల్చి మంట వేగం కొలుస్తారు. ఆపై ఖండాలను కలిపే కీళ్లు. అవి ఎంత కీలకమో ఒక ప్రమాదం చూపింది. 1981 ఏప్రిల్ 12న స్పేస్ షటిల్‌తో పెద్ద ఘన మోటార్లు తొలిసారి మనుషులను మోశాయి. 1986 జనవరి 28 ఉదయం ఛాలెంజర్ షటిల్ కుడి బూస్టరు కీలులో, చలికి బిగుసుకుపోయిన రబ్బరు ఓ-రింగు సందును సమయానికి మూయలేకపోయింది. 73 సెకన్లకు నౌక విచ్ఛిన్నమై ఏడుగురు చనిపోయారు. బూస్టర్లను తయారుచేసిన సంస్థ ఇంజినీర్లే ముందు రోజు రాత్రి చలి గురించి హెచ్చరించారు, వారి మాట నిలవలేదు. చేసినవాడి మాటకు విలువ లేనిచోట చేసిన పనికీ రక్షణ లేదని ఆ ఉదయం తేలింది.

ఈ పాఠం శ్రీహరికోట పనిలో కనిపిస్తుంది. మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం ఎస్-200ను మనుషులకు తగినట్టు మార్చి హెచ్ఎస్-200 చేశారు. కీళ్లలో ఓ-రింగులను పెంచారు, వాటిని వెచ్చగా ఉంచే ఏర్పాటు చేర్చారు, వెలిగించే వ్యవస్థనూ లోపలి అస్తరునూ మరింత పటిష్ఠం చేశారు. 2022 మే 13న, 203 టన్నుల ఇంధనం నింపిన మోటారును శ్రీహరికోటలో నేల మీద కట్టి 135 సెకన్ల పాటు కాల్చారు. దాదాపు 700 కొలతలు తీసుకున్నారు. ప్రాణరక్షణ మోటార్లూ వెనకబడలేదు. 2018 జులై 5న ఏడు ఘన మోటార్లు 12.6 టన్నుల నమూనా నౌకను వేదిక మీద నుంచి దాదాపు 2.7 కిలోమీటర్ల ఎత్తుకు లాగి సముద్రం మీద దించాయి. ఎస్-200 తొలిసారి ఎగిరిన 2014 డిసెంబరు 18న కూడా అది మోసింది మనుషుల కోసం ఉద్దేశించిన నౌక నమూనానే. సరిగ్గా పదేళ్లకు, 2024 డిసెంబరు 18న, మనిషి లేని తొలి గగన్‌యాన్ కోసం హెచ్ఎస్-200 ఖండాలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టడం మొదలైంది.

ఈ విద్య ఉచితంగా రాలేదు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలోని ఇదే ప్లాంటులో ఇంధన ఖండం అంటుకుని ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. చంద్రయాన్ గురించి చెప్పే ప్రతి పాఠంలోనూ వారికి చోటుండాలి.

మన క్యాంపుల పిల్లల్లో కొందరు వెల్డింగు నేర్చుకుంటారు, కొందరు రసాయన శాస్త్రంలో డిప్లొమా చేస్తారు. చంద్రుడి మీదికి వెళ్లే పనిలో తమ చదువులకు చోటు లేదనుకుంటారు. ఉందని వారికి చెప్పాలి. ఆపలేని మంట మీద కూర్చుని ఎగిరే మనిషి ధైర్యాన్ని దేశమంతా పొగుడుతుంది. ఆ ధైర్యానికి ఆధారం, ఎక్స్‌రే ఫలకంలో చిన్న బుడగ కనిపిస్తే ఉన్నదున్నట్టు రిజిస్టరులో రాసిన మనిషి నిజాయితీ. ఆ ఇద్దరికీ సమానమైన గౌరవం దక్కాలి.