మనిషిని వదిలి వస్తువుని పట్టుకున్న లెక్క

‘ఇది కొన్నవారు ఇవి కూడా కొన్నారు’ అన్న వరుస ఆన్‌లైన్ దుకాణాల్లో ఎంత మామూలైపోయిందంటే, దాని వెనక ఒక పనితనం ఉందని ఎవరికీ తట్టదు. అమెజాన్ ఈ పద్ధతిని 1998లో వాడకంలోకి తెచ్చింది. గ్రెగ్ లిండెన్, బ్రెంట్ స్మిత్, జెరెమీ యార్క్ 2003లో దాని గుట్టు విప్పి ఐఈఈఈ ఇంటర్నెట్ కంప్యూటింగ్ పత్రికలో రాశారు. ఐదే పేజీలు. కాలానికి నిలిచిన రచనగా అదే పత్రిక 2017లో దాన్ని ఎంచుకుంది.

అంతకుముందు దారి వేరు. 1994లో గ్రూప్‌లెన్స్ పరిశోధకులు యూజ్‌నెట్ వార్తల కోసం కట్టిన పద్ధతిలో, ముందు మీ అభిరుచికి దగ్గరైన పాఠకులను వెతికి, వాళ్లు మెచ్చినవాటిని బట్టి మీకేవి నచ్చుతాయో అంచనా వేసేవారు. ఎవరికైనా ముందు తోచేది ఇదే. కానీ 2003 నాటికి అమెజాన్ ఖాతాదారులు 2 కోట్ల 90 లక్షల పైమాటే. పేజీ తెరిచిన అర సెకనులో అంతమందిలోంచి మీలాంటివాళ్లను ఏరడం అయ్యే పని కాదు.

అమెజాన్ వాళ్లు ప్రశ్ననే తిరగేశారు. ఈ మనిషి ఎవరిలాంటివాడు అని కాదు, ఈ వస్తువు దేనితో కలిసి వెళుతోంది అని అడిగారు. వస్తువుల మధ్య పొత్తు గంటగంటకూ మారేది కాదు కాబట్టి, ఆ బరువు లెక్కంతా ముందే చేసి పట్టికగా పెట్టుకోవచ్చు. రాత్రే పిండి రుబ్బి పెట్టుకుంటే పొద్దున దోసె పోయడమే కదా! మీరొచ్చాక మిగిలేది, మీరు కొన్న నాలుగు వస్తువుల పక్కన ఆ పట్టికలో ఏమున్నాయో చూడడం. దుకాణంలో ఖాతాదారులు ఎందరున్నా ఆ చూపు బరువెక్కదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం స్మిత్, లిండెన్ 2017 వ్యాసంలో చెప్పిన ఒక సవరణ. రెండు పుస్తకాలకు నిజంగా పొత్తు ఉందో లేదో తేలాలంటే, కాకతాళీయంగా ఎందరు రెండూ కొంటారో ముందు తెలియాలి. మొత్తం ఖాతాదారుల్లో రెండో పుస్తకం కొన్నవాళ్ల శాతం తీసుకుంటే చాలనిపిస్తుంది. చాలదు. వంద పుస్తకాలు కొన్నవాడు వంద గుంపుల్లో ఉంటాడు, రెండు కొన్నవాడు రెండింటిలోనే. అంటే ఏ పుస్తకం కొన్న గుంపును చూసినా తెగ కొనేవాళ్లే ముందుంటారు. దాంతో అన్నిటికీ అన్నిటితోనూ చుట్టరికం ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకని మొదటి పుస్తకం కొన్నవాళ్లలో ఒక్కొక్కరు మొత్తం ఎన్ని కొన్నారో చూసి, అందులో రెండోది యాదృచ్ఛికంగా పడే అవకాశమెంతో లెక్కగట్టి, అవన్నీ కూడారు. రెండూ నిజంగా కొన్నవాళ్ల సంఖ్య ఆ మొత్తాన్ని మించినంత మేరకే పొత్తు. గణితం పెద్ద కష్టమైనది కాదు. ఆ అనుమానం రావడమే గొప్ప.

వరసక్రమం కూడా పట్టించుకున్నారు. కెమెరా కొన్నవాడికి మెమరీ కార్డు చూపించడం సబబు. కార్డు కొన్నవాడికి కెమెరా చూపిస్తే నవ్వుతాడు.

వస్తువును ఆధారం చేసుకోవడం వల్ల ఇంకో మేలు అడక్కుండానే వచ్చింది. ఇది నాకెందుకు చూపించారని ఖాతాదారు అడిగితే, ‘మీరు ఫలానాది కొన్నారు కాబట్టి’ అని తడుముకోకుండా చెప్పొచ్చు. 2003 నాటికే ఆ సదుపాయం ఉంది, పాత కొనుగోళ్లకు మార్కులు వేసి సిఫార్సులను సరిదిద్దుకునే వీలుతో సహా. ఇవాళ మనకోసమే వండామంటూ వీడియోలు గుప్పించే యాప్‌లు చాలావాటిలో అంత సూటి జవాబు దొరకదు.