మూడు ముద్దలు, మూడు తరాలు

పన్నెండో రోజు మధ్యాహ్నం కర్త ముందు దర్భల మీద నాలుగు పిండాలుంటాయి. మూడు గుండ్రంగా, ఒకటి పొడవుగా. ఆ పొడవాటిది పోయిన మనిషిది. మిగతా మూడూ ఆయన తండ్రివి, తాతవి, ముత్తాతవి. పురోహితుడు చెబుతుంటే కర్త ఆ పొడవు పిండాన్ని దర్భతో మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో గుండ్రటి పిండంలో కలిపేస్తాడు. అర్ఘ్యపాత్రలోని నీళ్లనూ అలాగే మూడింటికి పంచి పోస్తాడు. ఇదే సపిండీకరణం. అంతవరకు ప్రేత అని పిలిచిన వ్యక్తిని ఇక నుంచి పితృదేవత అంటారు. మన పితృకర్మలన్నిటిలోకీ కీలకమైన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. చాలా ఇళ్లలో సరిగ్గా ఆ సమయానికే బంధువులంతా భోజనాల హాల్లో ఉంటారు.

దానికి ముందు పది రోజుల కథ ఉంది. దహనంతో పాత శరీరం పోయింది, కొత్తది ఇంకా లేదు. గరుడపురాణం లెక్కలో రోజుకొక పిండంతో ఆ శరీరాన్ని కొడుకు కట్టి ఇవ్వాలి. మొదటి రోజు పిండంతో తల ఏర్పడుతుంది, తర్వాత మెడ, భుజాలు, అలా ఒక్కో అవయవం. పదో రోజుకు ఆకలిదప్పులు పుడతాయి. ఆ రోజే ధర్మోదకాలు, బంధువులంతా నీళ్లు వదిలేది అప్పుడే. పదకొండో రోజు పోయినవారొక్కరికే పెట్టే ఏకోద్దిష్టం, పన్నెండున సపిండీకరణం, పదమూడున శుభస్వీకారం. నిజానికి సపిండీకరణం ఏడాది నిండాక చేయాల్సింది. పన్నెండో రోజుకే ముగించడం రివాజైపోయింది. మాసికాలు మాత్రం సంవత్సరీకం దాకా నడుస్తూనే ఉంటాయి.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చేది దాని హద్దు. కొత్తవారు వచ్చి చేరగానే పాత ముత్తాత ఆ ముగ్గురి వరుస దాటి పైకి వెళ్లిపోతాడు. ఆపైన ఆయనకు విడిగా పిండం లేదు. పిండం పెట్టాక కర్త చేతికి అంటుకున్న మెతుకులను దర్భలకు తుడుస్తాడే, అదే ఆయనకూ ఆ పై ఇద్దరికీ భాగం. వాళ్లను లేపభాగులు అన్నారు. పేరు పెట్టి పిలవాల్సింది మాత్రం ముగ్గురినే: వసురూపంలో తండ్రి, రుద్రరూపంలో తాత, ఆదిత్యరూపంలో ముత్తాత. మనిషి జ్ఞాపకం మోయగలిగిన బరువు ఎంతో తెలిసినవాళ్లు పెట్టిన లెక్క ఇది.

ఏటా వచ్చే తద్దినం దగ్గరికి వద్దాం. దానికి ఇంగ్లిషు తేదీతో పని లేదు. పోయిన నెల, పక్షం, తిథి చూస్తారు, అదీ ఆ తిథి అపరాహ్ణంలో ఉన్న రోజు. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. పొద్దున్నే ముగించుకుని ఆఫీసుకు వెళదామంటే కుదరని పని. డల్లాస్‌లో ఉన్న కొడుకైతే అక్కడి పంచాంగం చూసుకోవాలి, హైదరాబాద్ గడియారం పనికిరాదు.

పద్ధతి మొత్తం దేవపూజకు ఎదురు దిశలో నడుస్తుంది. ఎడమ భుజం మీది జంధ్యం కుడి భుజానికి మారుతుంది. ముఖం దక్షిణానికి తిరుగుతుంది. అక్షతల చోట నల్లనువ్వులు వస్తాయి, స్వాహా చోట స్వధా వస్తుంది. దేవతలకు వేళ్ల కొసల నుంచి వదిలే నీటిని పితరులకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదులుతారు. భోజనానికి పిలిచిన భోక్తల కాళ్లు కడిగేచోట విశ్వేదేవులకు నలుచదరపు ముగ్గు, పితరులకు గుండ్రటిది. మధ్యమధ్య దేవకార్యం వచ్చినప్పుడల్లా సవ్యం, మళ్లీ అపసవ్యం. ఒక్క పూటలో జంధ్యం ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో లెక్కపెట్టడం కష్టం. దీని వల్ల ఒక మేలుంది. చేతులు అలవాటు కొద్దీ కదలడానికి వీల్లేదు, ప్రతి క్షణం ఎవరికి ఏం ఇస్తున్నామో మనసు పెట్టి చూసుకోవాల్సిందే.

ఇక వంట. చాలా బ్రాహ్మణ ఇళ్లలో తద్దినానికి అరటికాయ, కంద, చేమ, పెసరపప్పు, గారెలు, పరమాన్నం, నువ్వుండలు ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి సరే, టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ కూడా గుమ్మం దాటి రావు. కొన్ని ఇళ్లలో మిరపకాయా నిషిద్ధమే, కారానికి మిరియాలు, అల్లం వాడతారు. మిరప మన దేశానికి పోర్చుగీసు వాళ్లతో వచ్చింది, 16వ శతాబ్దం నాటి మాట. అంటే పండుమిరప పచ్చడి ఎరగని తెలుగువాళ్లు ఏం తిన్నారో తెలుసుకోవాలంటే తద్దినం విస్తరి చూస్తే చాలు. భోక్తలు మౌనంగా తినాలి. వంట బాగుందని మెచ్చుకోకూడదని మనుస్మృతి నియమం. ముద్దపప్పు గురించి మాట్లాడుకునే రోజు కాదు కదా.

అదే మనుస్మృతి ఇంకో మాట అంది. దైవస్థానంలో ఇద్దరిని, పితృస్థానంలో ముగ్గురిని, లేదంటే చెరొకరిని పిలిస్తే చాలు. ఎంత ఉన్నవాడైనా విస్తరించకూడదు, మంది పెరిగితే ఆదరణ, చోటు, సమయం, శుచి, వచ్చినవారి యోగ్యత అన్నీ దెబ్బతింటాయని. ఫ్లెక్సీలు కట్టి వెయ్యిమందికి పెట్టే పెద్దకర్మలకు శాస్త్రం అండ లేదు. అప్పు చేసి పెట్టేవాళ్లకు అసలే లేదు. వండి పెట్టలేకపోతే బియ్యం, కూరలు ఇచ్చే ఆమశ్రాద్ధం ఉంది, అదీ కాకపోతే దక్షిణతో హిరణ్యశ్రాద్ధం ఉంది. ఏమీ లేనివాడు ఆవుకు గడ్డి పెట్టినా, అడవిలో చేతులు పైకెత్తి నా దగ్గర భక్తి తప్ప మరేమీ లేదని చెప్పుకున్నా పితరులు తృప్తి పడతారని విష్ణుపురాణం అంటుంది. కాకులకు పిండాలు పెట్టేవాళ్లను వేమన ఎద్దేవా చేశాడు. బతికుండగా అన్నం పెట్టని కొడుకుల్ని చూస్తే ఆ వెటకారానికి అడ్డు చెప్పాలనిపించదు.

భాద్రపద బహుళంలో వచ్చే మహాలయ పక్షం ఈ సంప్రదాయానికి విశాలమైన ముఖం. అప్పుడిచ్చే తర్పణాల్లో తల్లివైపువాళ్లు, పెదనాన్నలు, మేనత్తలు, తోబుట్టువులు, అత్తమామలు, గురువు, స్నేహితుడు కూడా ఉంటారు. వీళ్లే కారుణ్య పితరులు. ముత్తైదువుగా పోయినవారికి నవమి, ఆయుధాల వల్ల పోయినవారికి చతుర్దశి, అందరికీ అమావాస్య. స్నానం చేసి పిండిన బట్టలోంచి కారే నీటిని కూడా, తమ వంశంలో బిడ్డలు లేకుండా పోయినవారికని వదిలే విధి ఉంది. సంతానం లేని భీష్ముడికి మాఘ శుద్ధ అష్టమినాడు ఊరందరూ తర్పణం ఇవ్వొచ్చు.

మంత్రాలు లేని ఇళ్లకూ వాళ్ల పద్ధతులున్నాయి. తెలంగాణలో పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, పెద్దల పేరిట బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. కోస్తాలో సంక్రాంతికి పెద్దల ఫొటోల ముందు కొత్తబట్టలు పెట్టాకే కట్టుకుంటారు. ఇవి తక్కువ రకం అనుకునేవాళ్లు విష్ణుపురాణం మళ్లీ చదవాలి.

క్షేత్రాల్లో గయది మొదటి స్థానం. గయాసురుడి తల గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు మన పిఠాపురంలో ఉన్నాయని ఐతిహ్యం. తన దేహం మీద యజ్ఞం ముగిసేదాకా కదలనని మాటిచ్చిన అసురుణ్ణి, శివుడు కోడై వేళ కాకుండానే కూసి కదిలించాడట. పిఠాపురంలోని కుక్కుటేశ్వరుడి పేరు వెనక ఉన్న కథ అదే. గయలో తప్పక చూడాల్సింది మాతృషోడశి. తల్లి మోసిన కష్టాలు, పడిన నొప్పులు, మేల్కొన్న రాత్రులు ఒక్కొక్కటే చెబుతూ పదహారు పిండాలు పెడతారు. తండ్రి వరుస చుట్టూ అల్లిన కర్మకాండలో అమ్మకు దక్కిన చోటు అది. రాళ్ల లాంటి మనుషులు కూడా అక్కడ ఏడుస్తారు.

గోదావరికి 2027లో మళ్లీ పుష్కరాలు. రేవుల్లో పిండప్రదానం కోసం బారులు తీరుతారు, ప్యాకేజీల బేరాలూ మొదలవుతాయి. అక్కడ సంకల్పం చెప్పించే పంతులు తాత పేరు, ముత్తాత పేరు అడిగితే చాలామంది ఫోన్ తీసి ఊళ్లో పెద్దవాళ్లకు చేస్తారు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు, తిథి తెలియకపోతే అమావాస్యకు పెట్టుకోవచ్చు. పేర్లు మాత్రం ఎవరో ఒకరు గుర్తుంచుకోవాల్సిందే. ఇంట్లో ఎనభై దాటినవారుంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. తండ్రివైపు మూడు తరాలు, తల్లివైపు మూడు తరాలు, ఆడవాళ్ల పేర్లతో సహా, పోయిన తిథులతో ఒక కాగితం మీద రాసి, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ తలొక ప్రతి ఇవ్వండి.