టిబాల్ట్ జూలియట్‌కి ఏమవుతాడు?

ఈ ఏడు మా బడి వార్షికోత్సవంలో షేక్‌స్పియర్ రాసిన ‘రోమియో అండ్ జూలియట్’ నాటకం మూడో అంకంలోని ఒక రంగాన్ని తెలుగులో ఆడాం. రోమియో చేతిలో టిబాల్ట్ చనిపోతాడు. రోమియోకి ఊరు విడిచి పొమ్మని శిక్ష పడుతుంది. జూలియట్ రోమియో కోసం ఏడుస్తుంటే, వాళ్లమ్మ మాత్రం టిబాల్ట్ కోసమే అనుకుంటుంది. ఆ రంగాన్ని తెలుగులో రాసింది నేనే. ఇంగ్లీషులో టిబాల్ట్ ‘కజిన్’ అని ఉంటే, ఆలోచించకుండా ‘అన్న’ అని రాసేశాను.

ఇంట్లో చదువుతుంటే మా అవ్వ ఆపింది. “పెదనాయన కొడుకా, పిన్నమ్మ కొడుకా?” అని అడిగింది. నాటకం మళ్లీ చూశాను. టిబాల్ట్ జూలియట్ తల్లికి తోడబుట్టినవాడి కొడుకు. “మేనమామ కొడుకు అన్న ఎట్లయితాడే? బావ గదా!” అంది అవ్వ. సరేనని ‘బావ’ అని మార్చాను.

నాటకం రోజు “నీ బావ కోసం ఇంకా ఏడుస్తున్నావా?” అని తల్లి అనగానే చూసేవాళ్లంతా నవ్వారు. మా హోసూరు పక్క మేనరికాలు మామూలే. “బావ ఉండగా ఈ రోమియో ఎవడు?” అని వెనక ఎవరో అన్నారు కూడా. ఏడవాల్సిన రంగం నవ్వులపాలైంది. తప్పు ఆడినవాళ్లది కాదు, రాసిన నాది.

షేక్‌స్పియర్ కాలంలో ‘కజిన్’ ఇప్పటికంటే విశాలమైన మాట. జూలియట్ తల్లి కూడా టిబాల్ట్‌ని అలాగే పిలుస్తుంది, ఆమెకి అతను మేనల్లుడు. ‘హామ్లెట్’లో రాజు క్లాడియస్ తన అన్న కొడుకునీ అదే మాటతో పిలుస్తాడు. ‘మనవాడు’ అని చెప్పి ఆ మాట ఊరుకుంటుంది. మన మాటలు అక్కడ ఆగవు. ఎవరి వైపు చుట్టమో, పెద్దో చిన్నో, పెళ్లి వరస అవునో కాదో కూడా చెప్పేస్తాయి. అందుకే ‘అన్న’ అంటే చుట్టరికం తప్పింది, ‘బావ’ అంటే రసం తప్పింది.

ఇప్పుడు రాస్తే తల్లి చేత “నా మేనల్లుడి కోసం ఏడుస్తున్నావా?” అనిపిస్తాను. పోయినవాడు ఆమె పుట్టింటి బిడ్డ. తన దుఃఖంలో ఉండే ఆమె కూతురి దుఃఖాన్ని పోల్చుకోలేకపోయింది. వరస సరిగ్గా పెడితేనే ఈ సంగతి నాకు తెలిసింది.

ఒక మాట ఒప్పుకోవాలి. బెంగళూరులో చదివే మా మామ కొడుకు తన స్నేహితులకి నన్ను ‘కజిన్’ అని చెప్తే నాకు హాయిగానే ఉంటుంది. ‘బావ’ అంటే చాలు, ఇంట్లో పెళ్లి వేళాకోళాలు మొదలవుతాయి. కానీ మా తమ్ముడు మొన్న, “కజిన్ అంటే మామ కొడుకా, పెదనాయన కొడుకా?” అని అడిగాడు. వాడికి చెప్పడానికి నాకు మళ్లీ తెలుగు మాటలే కావలసి వచ్చాయి.